కోణం తెరిచి ఉంది

ఆసుపత్రి క్వార్టర్స్, మేడ మీది గది
జూలై 3

అత్తా,

ఫోన్లో మాట్లాడితే మీ ఇంట్లో అందరికీ వినబడుతుందనీ, ఉత్తరమైతే దిండు కింద దాచుకోవచ్చనీ అన్నావు కదా. అందుకే రాస్తున్నాను. నేనిక్కడ కంటి డాక్టరుగా చేరి మూడు వారాలైంది. నువ్వు పాతికేళ్ళు హెడ్ నర్సుగా ఏలిన విభాగం ఇది. నీ మేనకోడలినని తెలిసిన రోజే నా కుర్చీ మారింది. అంతకు ముందు ఇచ్చినదానికి మూడు కాళ్ళే ఉండేవి.

ఒక వింత చెబుతాను. నీటికాసుల జబ్బు అనుమానం ఉన్నవాళ్ళ కేసు షీట్లో "కోణం" అని ఒక గడి ఉంటుంది, నీకు తెలుసు. పాత షీట్లు తిరగేశాను. ప్రతి దాంట్లోనూ ఆ గడిలో ఊదారంగు రబ్బరు స్టాంపు: "కోణం తెరిచి ఉంది". పదిహేనేళ్ళుగా ఈ ఊరికి వచ్చిన ఏ కంట్లోనూ కోణం మూసుకోలేదట! అంత ఆరోగ్యం ఏ దేశంలోనూ ఉండదు.

కోణం చూసే లెన్సు ఎక్కడుందని అడిగితే స్టోర్ కీపరు దగ్గరికి పంపారు. ఆయన చాలా మర్యాదస్తుడు.

"లెన్సు ఉందండీ. భద్రంగా ఉంది."

"అయితే ఇవ్వండి."

"ఇచ్చేస్తే భద్రంగా ఎలా ఉంటుందండీ?"

ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాను. కంట్లో ఎప్పుడూ నీరు ఊరుతుంటుంది. ముందుండే అద్దంలాంటి పొరా, వెనక ఉండే రంగుపొరా కలిసే మూలలోంచి అది బయటికి పోతుంది. ఆ మూలే కోణం. అది మూసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది. పోయిన చూపు మళ్ళీ రాదు. ఎదురుగా ఎంత తేరిపార చూసినా ఆ మూల కనబడదు. అందుకే మత్తు చుక్క వేసి, లోపల చిన్న అద్దాలున్న ఆ లెన్సు కంటి మీద ఆనించి, పక్కచూపుగా చూడాలి. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, "అంత సున్నితమైన వస్తువని నాకు తెలియదండీ. ఇంకో తాళం వేయిస్తాను" అన్నాడు.

ఏటేటా తనిఖీకి దాన్ని బయటికి తీసి, లెక్కపెట్టి (ఉన్నది ఒక్కటే), తుడిచి లోపల పెడతారట. రిజిస్టరులో "మంచి స్థితిలో ఉంది" అని రాస్తారట. వాడకపోతే మంచి స్థితిలోనే ఉంటుంది మరి.

ఇంతకీ ఆ స్టాంపు ఎవరు చేయించారు? నీ హయాంలోదే అయ్యుండాలి. నీకేమైనా తెలుసా?

నీ మేనకోడలు


మా అబ్బాయి ఇల్లు, వెనక గది
జూలై 14

కోడలా,

ఆశీర్వాదాలు ఎన్నిసార్లు చేసినా అరిగిపోవు కనక ముందుగా మరోసారి.

నాలుగు కాళ్ళ కుర్చీ వచ్చింది కదా, దాంట్లో కుదురుగా కూర్చోవడం నేర్చుకో. చేరిన మూడు వారాలకే స్టోర్ కీపరుకి పాఠాలు చెప్పిన డాక్టరువి నువ్వే. ఆయన లెన్సుని కాదు, తన ఉద్యోగాన్ని బీరువాలో పెట్టుకున్నాడు. అది పగిలితే విచారణ, సంజాయిషీ. కన్ను పోతే విచారణ ఉండదు, ముసలితనం అంటారు.

స్టాంపు సంగతి నాకేం గుర్తులేదు. ఎవరో చేయించి ఉంటారు. ఆసుపత్రిలో వస్తువులు వాటంతటవే పుడుతుంటాయి.

ఇక్కడి కబుర్లంటావా, మా ఇంటి కోడలు ఇల్లంతా కొత్త బల్బులు పెట్టించింది. సాయంత్రమైతే ఒక్కోదాని చుట్టూ ఇంద్రధనుస్సు! "ఎందుకమ్మా ఈ రంగుల బల్బులు" అంటే "తెల్లవే అత్తయ్యా" అంటుంది. ఈ మధ్య అందరూ కర్టెన్లు వేసుకుని చీకట్లో టీవీ చూస్తారు. ఆ గదిలో అరగంట కూర్చుంటే నాకు కుడి కనుబొమ్మ మీద సుత్తితో కొట్టినట్టుంటుంది. జలుబు చేసిందనుకుని మాత్ర వేసుకుని పడుకుంటే పొద్దున్నకి హాయిగా ఉంటుంది. కొత్త కళ్ళజోడు కూడా కుదరలేదు. షాపువాడికి బుద్ధి లేదు.

వేళకి తిను.

అత్త


క్వార్టర్స్
ఆగస్టు 9

అత్తా,

ముందు హాస్యం, తరవాత అసలు సంగతి.

లెన్సు కావాలని సూపరింటెండెంటు గారికి మూడుసార్లు రాసిచ్చాను. మూడోదానికి జవాబు వచ్చింది. "కోణ పరిశీలన ఆవశ్యకతా నిర్ధారణ సంఘం" వేశారు. ముగ్గురు సభ్యులు. అధ్యక్షులు ఎముకల డాక్టరు గారు. కంటి డాక్టరు ఒక్కరూ లేరు. ఎందుకండీ అంటే, "మీరైతే లెన్సు కావాలనే అంటారు కదమ్మా, నిష్పాక్షికత ఉండొద్దూ" అన్నారు.

సంఘం తేల్చేదాకా మంగళవారం పొద్దున్న ఒక గంట లెన్సు వాడుకోవచ్చట. స్టోర్ కీపరు దాన్ని పెట్టెలో పెట్టుకొచ్చి, నా పక్కనే స్టూలు వేసుకుని, కంటికి రెప్పలా కాపలా కాశాడు. పేషెంటు కన్నా లెన్సునే ఎక్కువ చూశాడు. గది చీకటి చేసి పరీక్ష మొదలెట్టగానే సూపరింటెండెంటు గారు ఫోటోగ్రాఫరుతో వచ్చి లైట్లన్నీ వేయించారు. వెలుగు పడితే కంటిపాప చిన్నదై, మూసుకున్న కోణం కూడా తెరుచుకున్నట్టు కనబడుతుందండీ, చీకట్లోనే చూడాలండీ అన్నాను. "చీకట్లో ఫోటో ఎలా వస్తుందమ్మా" అన్నారు. న్యాయమే.

ఆ గంటలో పదిమందిని చూశాను. ముగ్గురి కోణాలు మూసుకుపోయి ఉన్నాయి. ముగ్గురి షీట్ల మీదా ఊదారంగు స్టాంపు ఉంది.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం చదివి నవ్వాను. రెండోసారి చదివితే నవ్వు రాలేదు. దీపాల చుట్టూ రంగుల వలయం, చీకట్లో కనుబొమ్మ మీద నొప్పి, నిద్రపోతే తగ్గడం. అత్తా, ఇది నేను నీకు చెప్పాలా? జలుబు మాత్రలు ఆపెయ్యి, వాటివల్ల పాప పెద్దదై మూల ఇంకా ఇరుకవుతుంది. పైగా నీ అక్షరాలు కాగితం కుడి అంచు దాటిపోతున్నాయి. రెండుచోట్ల వాక్యం సగం బల్ల మీదే రాసినట్టున్నావు. నువ్వు గీతలు కొట్టినట్టు రాసేదానివి.

వచ్చే మంగళవారం బయలుదేరి రా. బస్సులో రెండు గంటలే కదా.

నీ మేనకోడలు


వెనక గది
ఆగస్టు 20

డాక్టరమ్మ గారికి,

నేను కళ్ళ వార్డులో పాతికేళ్ళు పనిచేశాను. నువ్వు అ ఆలు దిద్దుతున్నప్పుడే నేను కళ్ళలో చుక్కలు వేస్తున్నాను. బల్బులు మార్చారని రాస్తే నాకు జబ్బు అంటగట్టావు. కాగితం చిన్నది, చెయ్యి పెద్దది, అంతే.

నీ తృప్తి కోసం ఇక్కడి కళ్ళ సెంటరుకి వెళ్ళొచ్చాను. గడ్డం ఆనిస్తే అదే ఫోటో తీసే మిషనుంది. రంగురంగుల కాగితాలు ఐదు ఇచ్చారు. పటం కట్టించుకోవచ్చు. అన్నిటి మీదా "నార్మల్" అని ఉంది. కంటి మీద ఎవరూ ఏమీ ఆనించలేదు. నేను అడగలేదు కూడా.

పోనీ, నా కేసు షీటు మీ ఆసుపత్రిలోనే ఉందిగా. ఏటేటా పరీక్ష చేయించుకున్నాను. వెళ్ళి చూసుకో.

అత్త


క్వార్టర్స్
ఆగస్టు 27

అత్తా,

చూశాను.

రికార్డు గదిలో నీ షీటు దొరికింది. ఐదేళ్ళ పరీక్షలు, ఐదు స్టాంపులు. ఐదూ నిటారుగా, గడి మధ్యలో, ఒక్కటి కూడా వంకర లేదు. ఇక్కడి వాళ్ళెవరూ అంత నీటుగా స్టాంపు వేయరు.

స్టోర్ కీపరుని అడిగితే, నీళ్ళు నమిలి నమిలి, చివరికి పాత ఆర్డరు పుస్తకం తీశాడు. "రబ్బరు స్టాంపు ఒకటి, ఊదా ఇంకు డబ్బా రెండు." కింద సంతకం నీది.

నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. చిన్నప్పుడు నీ తెల్ల చీర చూసే నేను కళ్ళ డాక్టరునవ్వాలనుకున్నాను.

మంగళవారం మొదటి నంబరు నీ పేర రాసి ఉంచుతున్నాను. ప్రతి మంగళవారం ఉంచుతాను.


వెనక గది
సెప్టెంబరు 6

కోడలా,

సంతకం నాదే. గుర్తులేదని రాశాను చూడు, అది అబద్ధం. ఆ స్టాంపు పిడి ఎంత బరువుండేదో కూడా గుర్తుంది.

మొదట్లో పెద్ద డాక్టరుగారు అందరి కోణాలూ చూసేవారు. చీకటి గదిలో ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. తరవాత ముగ్గురు డాక్టర్లలో ఇద్దరు బదిలీ అయ్యారు. మిగిలిన ఆయన ముందు పూటకి రెండు వందల మంది. ఆయన టార్చి వేసి ఒక్క చూపు చూసి, "తెరిచి ఉందని రాసెయ్ సిస్టర్" అనేవారు. రాసి రాసి నా మణికట్టు వాచింది. అప్పుడు తట్టింది నాకు. ఎవరూ చెప్పలేదు. నా సొంత తెలివి.

మొదటి ఏడాది, ఆయన కాస్త తటపటాయించిన వాళ్ళ షీట్ల మూల పెన్సిలుతో టిక్కు పెట్టేదాన్ని, తీరిక దొరికినప్పుడు మళ్ళీ పిలిచి లెన్సుతో చూపిద్దామని. తీరిక దొరకలేదు. రెండో ఏడు టిక్కులు పెట్టడం మానేశాను. మూడో ఏడు నాకు శాలువా కప్పారు, జిల్లా మొత్తంలో అతి త్వరగా ఓపీ ముగించే విభాగమని. సభలో చప్పట్లు మోగుతుంటే నేను కూడా కొట్టాను.

నా షీటు మీద స్టాంపు నేనే వేసుకున్నాను. పరీక్షకి కూర్చోలేదు. నా కళ్ళకేమవుతుందిలే అని.

ఈ నెలాఖరుకి మనవరాలి పరీక్షలు అయిపోతాయి. అప్పుడు వస్తాను. ఇంకో మూడు వారాలు. నన్ను తిట్టాలనుంటే అప్పటిదాకా దాచిపెట్టు.

అత్త


వెనక గది
అక్టోబరు 11

కోడలా,

నువ్వు వద్దన్నా రాస్తున్నాను. కుడివైపు స్కేలు పెట్టుకుని రాస్తున్నాను, అంచు తెలియడానికి.

ఆ గురువారం ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. పొద్దున్న నుంచీ కర్టెన్లు వేసిన గదిలో టీవీ. మధ్యాహ్నానికి కుడి కన్ను ఎర్రబడింది, తల పగిలిపోతోంది, ఒకటే వాంతులు. మా అబ్బాయి పక్క వీధి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన పొట్ట నొక్కి "గ్యాసు" అన్నాడు. నేను అది కాదని చెప్పలేదు. చెబితే ఎందుకు కాదో కూడా చెప్పాలి. ఎన్ని వందల మందిని నేను కూడా అలాగే ఏమీ లేదని చెప్పి పంపానో!

కాపాడింది మా ఇంటి కోడలు. నా దిండు గలీబు మారుస్తూ నీ ఉత్తరాలు చూసిందట. చదివిందట. "అత్తయ్యా, మీరు బల్బుల్ని తిట్టారు, ఊరుకున్నాను. ఇప్పుడు మాత్రం ఊరుకోను" అని నన్ను కారులో పడేసి తనే నడుపుకుంటూ వచ్చింది. దారంతా ఒడిలో బకెట్టు పెట్టుకుని కూర్చున్నాను.

నువ్వు సూది వేసి, చుక్కలు వేసి ఒత్తిడి దించావు. అప్పుడు లెన్సు కావాలన్నావు. గురువారం! సూపరింటెండెంటు గారు సెలవులో ఉన్నారు. నువ్వు ఆయనకి ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళావు. వచ్చేసరికి లెన్సు నీ బల్ల మీద ఎలా ప్రత్యక్షమైందని అడిగావు, నేను చెప్పలేదు.

స్టోర్ కీపరు గుమ్మం దగ్గర రిజిస్టరు పట్టుకుని నిలబడి, "మంగళవారం అయితే ఇబ్బంది లేదండీ" అంటున్నాడు. నాకు ఒక కన్ను మూసుకుపోయి ఉంది, చీర నిండా వాంతి. అయినా గొంతు మాత్రం పాత గొంతే వచ్చింది. "తియ్యవయ్యా బీరువా!" అన్నాను. పాతికేళ్ళు ఆ గొంతుకి పరిగెత్తినవాడు. కాళ్ళు వాటంతటవే పరిగెత్తాయి. వచ్చాక, "సంతకం ఎవరు పెడతారమ్మా" అని ఏడుపు మొహం పెట్టాడు. నేనే పెట్టాను. ఎక్కడ పెట్టానో నాకు కనబడలేదు.

లెన్సు నా కంటి మీద ఆనింది. చల్లగా ఉంది. అంతే కోడలా, నొప్పి లేదు, ఏమీ లేదు. రెండు నిమిషాలు. "అత్తా, రెండూ ఇరుకే. కుడిది మూసుకుపోయింది" అని నువ్వు మెల్లిగా అన్నావు. మర్నాడు లేజరుతో రెండు రంగుపొరలకీ సూదిమొనంత రంధ్రాలు చేశావు. కుడివైపు పక్కచూపు ఇక రాదని కూడా చెప్పావు. నాకు తెలుసు. ఎడమ కన్ను దక్కింది.

నువ్వు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మీ నాన్నకి కూడా ఆ లెన్సుతో చూడు. మాది ఒకే నెత్తురు. వాడికి చిన్నప్పటి నుంచీ దళసరి ప్లస్ పవరు కళ్ళజోడు, అలాంటి కళ్ళలోనే మూల ఇరుకు.

అత్త


క్వార్టర్స్
నవంబరు 2

అత్తా,

నాన్నని చూశాను. ఇరుకుగానే ఉంది, రంధ్రం వేశాను. "మా అక్క స్టాంపు నా కంటికి పడలేదు, బతికిపోయాను" అన్నాడు. నీకు రాయమన్నాడు కూడా. రాశాను.

సంఘం నివేదిక వచ్చింది. నలభై పేజీలు. "కోణం తెరిచి ఉంది" అన్న స్టాంపు అశాస్త్రీయమని ఏకగ్రీవంగా తీర్మానించి, దాని బదులు "కోణం తెరిచి ఉన్నట్టు తోచుచున్నది" అని కొత్త స్టాంపు చేయించాలని సిఫారసు చేశారు. గడి సరిపోదు కాబట్టి షీటు సైజు పెంచుతారట. లెన్సు గురించి ఒక వాక్యం ఉంది, అది చాలా మంచి స్థితిలో ఉన్నట్టు సంఘం గమనించిందని.

లెన్సు ఇప్పుడు నా కోటు జేబులో ఉంటోంది. స్టోర్ కీపరు రిజిస్టరులో "డాక్టరమ్మ గారి వద్ద భద్రముగా" అని రాసి, ఎదురుగా నువ్వు ఆ రోజు పెట్టిన సంతకం చూపిస్తున్నాడు. అది ఏ భాషో ఎవరికీ అర్థం కాక ఎవరూ కాదనడం లేదు.

నువ్వు పెన్సిలు టిక్కుల సంగతి చెప్పావు కదా. వెతికించాను. మొత్తం అరవై రెండు షీట్లు. అందరికీ కార్డులు రాశాను. నలభై మంది దాకా వచ్చారు. కొందరి ఇంటికి కార్డు చేరేసరికి వాళ్ళు లేరు. ఒకావిడకి మూడు కార్డులు రాసినా జవాబు లేదు. పుస్తకాల బైండింగు పని చేస్తుంది. ఎడమ కన్ను ఏనాడో పోయిందని తరవాతి షీటులో ఉంది. కుడిది ఉన్నట్టే ఉంది. ఆవిడ ఉండేది మీ ఊళ్ళోనే, మీ ఇంటికి మూడు వీధుల అవతల.

వెళ్ళమని అడగడం లేదు. చిరునామా మాత్రం కింద రాస్తున్నాను.

నీ మేనకోడలు


వెనక గది
నవంబరు 24

కోడలా,

ఆవిడ వచ్చింది, నువ్వు చూశావు, కుడి కంటి కోణం మూసుకుపోబోతోందని లేజరు చేశావు, సమయానికి వచ్చారన్నావు. అది నీకు తెలిసిందే. అక్కడిదాకా ఎలా వచ్చిందో రాస్తాను.

ఇంటి ముందు గదే ఆవిడ పనిచేసే చోటు. జిగురు వాసన. కాగితాల దొంతరల మధ్య కూర్చుని, చూడకుండా వేళ్ళతోనే అంచులు సరిచేస్తూ మడుస్తోంది. నేను గుమ్మంలో ఒక్క మాట అన్నానో లేదో, "హెడ్ సిస్టరు గారా!" అని లేచి నిలబడింది. కుర్చీ మీది పుస్తకాలు దించి తుడిచి వేసింది.

"మీ హయాంలో ఎంత బాగుండేదండీ! ఇలా వెళ్తే అలా పంపించేసేవారు. ఇప్పుడెవరో కొత్త డాక్టరమ్మ కార్డుల మీద కార్డులు రాస్తోంది. వెళ్తే పూటంతా చీకటి గదిలో కూర్చోబెడుతుందట. నాకెక్కడ కుదురుతుంది? మీ రోజులే వేరు."

పై అధికారుల ముందు మాట్లాడాల్సి వస్తే, ఏం చెప్పాలో బస్సులో మంత్రాల్లా వల్లె వేసుకునేదాన్ని, నీకు గుర్తుందా? ఆ రోజు కూడా మూడు వీధులూ వల్లె వేసుకునే వెళ్ళాను. ఒక్క ముక్క గుర్తు రాలేదు. "మీ కన్ను ఆ రోజు ఎవరూ చూడలేదమ్మా. చూశామని నేను ముద్ర వేశాను" అన్నాను.

అట్టకి జిగురు రాస్తున్న ఆవిడ చేతులు ఆగిపోయాయి. బ్రష్షు పక్కన పెట్టి అడిగింది.

"చూసి ఉంటే ఉండేదా?"

"ఉండేదేమో" అన్నాను. అని, ఇంకా తప్పించుకుంటున్నానని నాకే తెలిసి, "ఉండేది" అన్నాను.

అట్టకి రాసిన జిగురు ఎండిపోయింది. ఆవిడ దాన్ని గోటితో గీకి పడేసి, "వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరికి వేసి వెళ్ళండి" అంది.

వేసి వచ్చాను. మంగళవారం పొద్దున్నే మళ్ళీ వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాను. గంట తరవాత ఆవిడ చేతిలో సంచీతో బయటికి వచ్చి, తాళం వేసి, నన్ను దాటుకుని నడిచింది. నేను వెనకాలే నడిచాను. బస్సులో వేరే సీట్లో కూర్చుంది. రెండు గంటలు నాకు ఆవిడ జడ మాత్రమే కనబడింది.

మీ ఆసుపత్రి ఎదుట రోడ్డు దాటాలి. ఎప్పుడూ లేనన్ని లారీలు. నాకు కుడివైపు ఏమొస్తోందో తెలియదు, ఆవిడకి ఎడమవైపు తెలియదు. ఇద్దరం అంచున నిలబడిపోయాం. అడుగు వేయడం, వెనక్కి రావడం. చివరికి ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా, పుస్తకం వీపు బిగించినట్టు.

"మీరు అటు చూడండి. నేను ఇటు చూస్తాను" అంది.

దాటాం.

తిరుగు బస్సులో నా పక్కనే కూర్చుంది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. దిగాక ఇంటి తాళం తీస్తూ, వెనక్కి తిరక్కుండా అంది.

"మళ్ళీ మంగళవారం రమ్మంది కదా మీ డాక్టరమ్మ. ఎనిమిదింటికల్లా రండి. ఆలస్యమైతే నేను ఆగను."

నేను ఏడున్నరకే వెళ్తాను.

నీ అత్త